చిన్న మిర్రర్‌లెస్ కెమెరా బలాలు, బలహీనతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న మిర్రర్‌లెస్ కెమెరా గురించి కొత్తగా కొనేవారూ, కొని కొన్నాళ్లు వాడినవారూ అడిగే సందేహాలు కొద్దిపాటి మార్పులతో మళ్లీ మళ్లీ అవే వస్తున్నందున, వాటికి సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. లెన్సు మార్చుకునే వీలుండి, బాడీ బరువు అరకిలోకు అటూఇటూగా ఉండే కెమెరాలనే ఇక్కడ ‘చిన్న’ అంటున్నాను. వీటిలో ఎక్కువ భాగం ఏపీఎస్-సీ లేదా మైక్రో ఫోర్ థర్డ్స్ అనే కొలతల సెన్సరు (వెలుతురును ఫొటోగా మార్చే భాగం) గలవి. ఏ సమాధానానికది విడిగా అర్థమయ్యేలా రాశాను కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లవచ్చు.

## కొనేముందు

అద్దం తీసేసినంత మాత్రాన కెమెరా అంత చిన్నది ఎలా అవుతుంది?

లోపల అద్దం ఉండే పాత తరహా డీఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్సు గుండా వచ్చిన వెలుతురు 45 డిగ్రీల వాలులో ఉన్న అద్దం మీద పడి, పైనున్న పట్టకం గుండా మన కంటికి చేరుతుంది. షట్టర్ నొక్కినప్పుడు ఆ అద్దం పైకి లేస్తుంది. అది లేచి పడేందుకు చోటు కావాలి కాబట్టే లెన్సు తగిలించే మౌంటుకూ సెన్సరుకూ మధ్య దూరం కెనాన్ ఈఎఫ్ మౌంటులో 44 మి.మీ., నికాన్ ఎఫ్ మౌంటులో 46.5 మి.మీ. ఉంచవలసి వచ్చింది. అద్దం లేని మౌంట్లలో ఆ దూరం బాగా తగ్గింది: సోనీ ఈ మౌంటుకు 18, నికాన్ జెడ్‌కు 16, కెనాన్ ఆర్ఎఫ్‌కు 20 మి.మీ. బాడీ మందం అక్కడ తగ్గితే, బరువైన గాజు పట్టకం లేకపోవడం వల్ల ఎత్తూ బరువూ తగ్గాయి. ఆటోఫోకస్, మార్చుకునే లెన్సులు రెండూ ఉండి ఈ తరహాలో మొదట వచ్చిన కెమెరా 2008 నాటి పానసోనిక్ లూమిక్స్ జీ1.

ఫోన్‌తోనే ఇంత బాగా వస్తుంటే, మళ్లీ ఈ కెమెరా ఎందుకు?

కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్సు పెట్టి, అన్నీ ఆటోలో ఉంచి, ఎండలో ఫొటోలు తీసి ఫోన్ తెర మీదే చూసుకునేవారికి పెద్ద తేడా కనబడదు. కొన్నిసార్లు ఫోనే మెరుగనిపిస్తుంది కూడా, ఎందుకంటే అది క్షణంలో అనేక ఫ్రేములు తీసి, వాటిని కలిపి, ఆకాశమూ నీడలూ రెండూ కనబడేలా సరిచేసి ఇస్తుంది. కెమెరా బలం వేరే చోట ఉంది. దూరాన ఉన్నదాన్ని నిజమైన లెన్సుతో దగ్గరకు తెచ్చుకోవడం, పరుగెత్తేవారిని వరుస ఫ్రేములలో పట్టుకోవడం, జుట్టు అంచుల దగ్గర తప్పులు లేకుండా నేపథ్యాన్ని మసకబరచడం, మసక వెలుతురులో కదిలే మనిషిని తీయడం దాని పనులు. వీటిలో ఒక్కటైనా మీకు తరచుగా అవసరం పడకపోతే ఈ కెమెరా కొనవద్దనే నా సలహా.

సెన్సరు ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నది కదా, నాణ్యత తగ్గుతుందా?

వెలుతురు బాగా ఉన్నప్పుడు తేడా కనిపెట్టడం కష్టం. ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు 36×24 మి.మీ., ఏపీఎస్-సీ సుమారు 23.5×15.6 మి.మీ., మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13 మి.మీ. ఉంటాయి. వైశాల్యంలో ఫుల్‌ఫ్రేమ్ ఏపీఎస్-సీకి రెండు రెట్లకు పైగా, మైక్రో ఫోర్ థర్డ్స్‌కు దాదాపు నాలుగు రెట్లు పెద్దది. ఒకే తరం సెన్సర్లను పోల్చితే, ఫుల్‌ఫ్రేమ్‌లో ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే స్థాయి) 6400 దగ్గర కనబడే నాయిస్ (గరుకుదనం) ఏపీఎస్-సీలో 2800 దగ్గర, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 1600 దగ్గర కనబడుతుందని అనుకోవచ్చు. రాత్రి వేడుకలూ రంగస్థల ప్రదర్శనలూ తీసేవారికి ఇది నిజమైన లోటు. పగటిపూట ప్రయాణాలకూ ఇంటి ఫొటోలకూ దీనిని లెక్కలోకి తీసుకోనక్కరలేదు. ముద్రణ విషయానికొస్తే, 6000×4000 పిక్సెళ్లున్న 24 మెగాపిక్సెళ్ల ఫొటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున 20 అంగుళాల వెడల్పు వరకు అచ్చు వేయవచ్చు.

బాడీ చిన్నదే, కానీ మంచి లెన్సులన్నీ పెద్దవిగానే ఉన్నాయి. ఇక చిన్న కెమెరా వల్ల లాభమేమిటి?

ఈ తరహా కెమెరాల అసలు బలహీనత ఇదే, ప్రకటనలు దాటవేసేదీ ఇదే. అద్దం తీసేస్తే బాడీ చిన్నదవుతుంది గానీ వెలుతురును పోగుచేసే గాజు చిన్నదవదు. 200 మి.మీ. ఎఫ్/2.8 లెన్సుకు వెలుతురు ప్రవేశించే ద్వారం 200ని 2.8తో భాగిస్తే వచ్చే 71 మి.మీ. వ్యాసంతో ఉండి తీరాలి, ఏ మౌంటు అయినా ఈ లెక్కను మార్చలేదు.

కొన్ని బరువులు చూడండి. బ్యాటరీ, కార్డుతో కలిపి సోనీ ఏ6000 బరువు 344 గ్రాములు, దానితో వచ్చే 16–50 మి.మీ. ముడుచుకునే జూమ్ 116 గ్రాములు. రెండూ కలిపి 460 గ్రాములే కనుక కోటు జేబులో కూడా పడుతుంది. అదే బాడీకి ఫుల్‌ఫ్రేమ్ కోసం చేసిన 24–70 మి.మీ. ఎఫ్/2.8 జీ మాస్టర్ మొదటి తరం లెన్సు తగిలిస్తే, ఒక్క లెన్సే 886 గ్రాములు. అప్పుడు చేతిలో ఉన్నది కిలోంబావుకు చేరువైన బరువు, అందులోనూ ముందుకు తూగే బరువు.

కాబట్టి కొనేముందు బాడీని ఒంటరిగా తూచకండి. మీరు రోజూ వాడబోయే లెన్సులతో, ఒక అదనపు బ్యాటరీతో కలిపి తూచండి. వెడల్పు దృశ్యాల చిన్న ప్రైమ్ (జూమ్ లేని) లెన్సులు, 35 మి.మీ. పరిసరాల ప్రైమ్‌లు, ఏపీఎస్-సీ కోసమే రూపొందించిన మామూలు జూమ్‌లు మీ పనికి సరిపోతే చిన్నతనం పూర్తిగా మీకు దక్కుతుంది. పొడవైన టెలిఫొటోలూ పెద్ద ఎపర్చర్ (వెలుతురు ప్రవేశించే ద్వారం) జూమ్‌లూ తప్పనిసరి అయితే పెద్ద పట్టు ఉన్న బాడీయే మీకు మేలు.

నా చేతులు పెద్దవి. పట్టుకోవడం ఇబ్బంది అవుతుందా?

కావచ్చు. చిటికెన వేలికి ఆనుకునే చోటు దొరకదు, బొటనవేలు వెనుకనున్న బటన్లను తెలియకుండానే నొక్కుతుంది. కింద తగిలించే చిన్న గ్రిప్పు మొదటి ఇబ్బందిని తీరుస్తుంది గానీ రెండవదానిని తీర్చదు. కొనేముందు పది నిమిషాలు చేతిలో పట్టుకుని చూడటానికి బదులు ఏ సమీక్షా పనికిరాదు.

నా దగ్గర పాత డీఎస్ఎల్ఆర్ లెన్సులు ఉన్నాయి. వాటిని వాడుకోవచ్చా?

చాలావరకు వాడుకోవచ్చు. పాత మౌంట్లకు ఎక్కువ దూరం అవసరం కనుక ఆ తేడాను నింపే అడాప్టర్ చాలు. కెనాన్ ఈఎఫ్ లెన్సును సోనీ ఈ మౌంటుకు పెట్టేందుకు 26 మి.మీ. మందం కావాలి. కెనాన్ ఈఎఫ్ లెన్సులు అదే సంస్థ ఆర్ఎఫ్ బాడీల మీద చక్కగా పనిచేస్తాయి. నికాన్ ఏఎఫ్-డీ లెన్సులలో ఫోకస్ మోటారు ఉండదు, వాటిని నికాన్ జెడ్ బాడీలకు కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ ఉండదు కనుక వాటిని చేత్తో తిప్పి ఫోకస్ చేయవలసిందే. పూర్తిగా మాన్యువల్ అయిన పాతకాలపు లెన్సులకు మాత్రం ఈ కెమెరాలే అచ్చొచ్చాయి: స్పష్టంగా ఉన్న అంచులను రంగుతో చూపించే ఫోకస్ పీకింగ్, దృశ్యాన్ని కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లోనే పెద్దది చేసి చూసే సదుపాయం డీఎస్ఎల్ఆర్ ఆప్టికల్ వ్యూఫైండర్‌లో లేవు. అడాప్టర్ కలిశాక బరువు ముందుకు మళ్లుతుందని మరవకండి.

బాడీలో స్టెబిలైజేషన్ లేని కెమెరా కొంటే పశ్చాత్తాపపడతానా?

మీరు తీసేదాన్ని బట్టి ఉంటుంది. సెన్సరును కదిలించి చేసే స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును మాత్రమే సరిచేస్తుంది, ఎదుటి మనిషి కదలికను ఆపదు. సాయంత్రం వేళ భవనాలను, గుడి లోపలి శిల్పాలను స్టాండు లేకుండా తీసేవారికీ, చేతిలో పట్టుకుని వీడియో తీసేవారికీ అది చాలా ఉపయోగం. ఆడుకునే పిల్లలను తీసేవారికి దానికంటే పెద్ద ఎపర్చర్ లెన్సే అక్కరకొస్తుంది. సోనీ ఏ6000, ఏ6400, కెనాన్ ఆర్50, ఆర్10 బాడీలలో ఇది లేదు. సోనీ ఏ6500, ఏ6600, ఏ6700, కెనాన్ ఆర్7, ఫుజీఫిల్మ్ ఎక్స్-ఎస్10లలో ఉంది.

## మొదటి రోజుల్లో

ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో కనబడేది టీవీ బొమ్మలా ఉంది. దీనికి అలవాటు పడగలనా?

పడతారు, పడ్డాక వెనక్కి వెళ్లాలనిపించదు. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న మనిషిని తీస్తున్నారనుకోండి. ఆప్టికల్ వ్యూఫైండర్‌లో ముఖం మన కంటికి కనబడినట్టే కనబడుతుంది, అది ఫొటోలో నల్లబడిందని తీశాకే తెలుస్తుంది. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో ఆ నలుపు ముందే కనబడుతుంది. కన్ను తీయకుండానే ఎక్స్‌పోజర్ డయల్‌ను ఒక్కొక్క మెట్టు తిప్పితే చెంపల మీదికి వెలుతురు రావడం, అదే సమయంలో వెనుక కిటికీ తెల్లబడిపోవడం చూస్తూ, ఎక్కడ ఆగాలో మీరే నిర్ణయించుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవారికి ఎక్స్‌పోజర్ అర్థం కావడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలియదు.

లోపాలు లేకపోలేదు. చీకట్లో బొమ్మ గరుకుగా మారి, కదలికలు ఈడ్చుకుపోతున్నట్టు ఉంటాయి. మండే ఎండలో చూసి కన్ను పెడితే లోపలి వెలుగు చాలదనిపిస్తుంది. మరో విషయం, అక్కడ కనబడేది కెమెరా సరిచేసి కుదించిన జేపెగ్ రూపం. సెన్సరు నమోదు చేసినదాన్ని అలాగే ఉంచే రా ఫైలులో నీడల దగ్గరా తెలుపు దగ్గరా అంతకంటే ఎక్కువ వివరం ఉంటుంది.

స్టూడియో ఫ్లాష్ పెట్టగానే వ్యూఫైండర్ మొత్తం నల్లగా అయిపోయింది. కెమెరా పాడైందా?

పాడవలేదు. 1/160 సెకను, ఎఫ్/8, ఐఎస్ఓ 100 అని పెట్టినప్పుడు గది వెలుతురుకు ఆ సెట్టింగులలో ఫొటో నిజంగానే నల్లగా వస్తుంది, ఫ్లాష్ వెలుగుతుందన్న సంగతి వ్యూఫైండర్ లెక్కలో లేదు. మెనూలో ఎక్స్‌పోజర్ ప్రభావాన్ని ముందుగా చూపే సదుపాయాన్ని ఆపేస్తే దృశ్యం మామూలుగా కనబడుతుంది. ఫ్లాష్ పని ముగిశాక దాన్ని మళ్లీ ఆన్ చేసుకోండి.

బ్యాటరీ సగం రోజుకే అయిపోతోంది. నాది లోపమున్న కెమెరానా?

దాదాపుగా కాదు. ఈ కెమెరాలో సెన్సరూ, తెర లేదా వ్యూఫైండరూ ఎప్పుడూ పనిచేస్తూనే ఉండాలి, అందుకు తోడు చిన్న బాడీలో చిన్న బ్యాటరీయే పడుతుంది. తయారీదారులు చెప్పే సంఖ్యలు సీఐపీఏ అనే జపాన్ కెమెరా పరిశ్రమ సంఘం పరీక్ష పద్ధతిని బట్టి వచ్చినవి. ఆ పద్ధతిలో తెర చూస్తూ తీస్తే సోనీ ఏ6000కు సుమారు 360 ఫొటోలు, డీఎస్ఎల్ఆర్ అయిన నికాన్ డీ7500కు 950. పెద్ద బ్యాటరీ పెట్టిన 2019 నాటి సోనీ ఏ6600కు ఇది 810కి చేరింది, దానికి ప్రతిగా బాడీ పట్టు లావెక్కింది. వరుస ఫ్రేములు తీసేవారికి ఈ సంఖ్య కంటే ఎక్కువే వస్తాయి, వీడియో తీసేవారికి బాగా తగ్గిపోతుంది.

చాలామంది గమనించని కారణం ఒకటుంది. కెమెరా మెడలో వేలాడుతున్నప్పుడు వ్యూఫైండర్ పక్కనుండే సెన్సరుకు మీ చొక్కా అడ్డువస్తుంది, కన్ను పెట్టారనుకుని అది వ్యూఫైండర్‌ను వెలిగించే ఉంచుతుంది. మీరు నడిచినంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. నడిచేటప్పుడు స్విచ్ ఆఫ్ చేయడం, నిద్రావస్థ సమయాన్ని ఒక నిమిషానికి తగ్గించడం, వాడని వేళ వైర్‌లెస్ సంబంధాలను ఆపేయడం మేలు. ఎన్ని చేసినా రెండు అదనపు బ్యాటరీలు కొనుక్కోక తప్పదు. విమాన ప్రయాణంలో వాటిని చెక్-ఇన్ సామానులో పెట్టకుండా చేతి సంచిలోనే ఉంచుకోవాలి.

కిట్ లెన్సు సరిపోతుందా?

పగలు సరిపోతుంది. సాయంత్రం దాటితే 35 మి.మీ. ఎఫ్/1.8 వంటి ప్రైమ్ లెన్సు తీసుకోండి. జూమ్ చివరన ఎఫ్/5.6 దగ్గర వచ్చే వెలుతురుకు ఎఫ్/1.8 దాదాపు పదింతలు ఇస్తుంది.

రా లో తీయాలా, జేపెగ్ లో తీయాలా?

కంప్యూటరు ముందు కూర్చుని సరిదిద్దే ఓపిక ఉంటే రా, లేకపోతే జేపెగ్. తేల్చుకోలేకపోతే రెండూ కలిపి తీయండి, కార్డు త్వరగా నిండుతుందన్నదే ఇబ్బంది.

## ఫొటోలు, వీడియోలు తీస్తున్నప్పుడు

పరుగెత్తేవారిని, ఎగిరే పక్షులను ఈ చిన్న కెమెరా పట్టగలదా?

పట్టగలదు, ఈ విషయంలో పాత అభిప్రాయాలు వదులుకోవాలి. తొలి మిర్రర్‌లెస్ కెమెరాలు కాంట్రాస్ట్‌ను బట్టి ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూ ఫోకస్ చేసేవి కనుక కదిలేవాటి ముందు తేలిపోయేవి. సెన్సరు మీదే, ఫోకస్ ఎటు, ఎంత జరగాలో నేరుగా కొలిచే ఫేజ్ డిటెక్షన్ బిందువులు వచ్చాక పరిస్థితి మారింది. 2014లో వచ్చిన సోనీ ఏ6000 అటువంటి 179 బిందువులతో, సెకనుకు 11 ఫ్రేముల వేగంతో తీసేది. ఇప్పటి బాడీలు మనుషుల, జంతువుల కళ్లను వాటంతట అవే గుర్తించి, ఫ్రేము అంచుల దాకా వెంటాడతాయి. ఫోకస్‌ను కొలిచేదీ ఫొటో తీసేదీ ఒకే సెన్సరు కావడం వల్ల, డీఎస్ఎల్ఆర్‌లలో ఒక్కో లెన్సుకు చేయవలసి వచ్చే ఫోకస్ సవరణ బెడద కూడా లేదు.

చిన్న బాడీల బలహీనత బఫర్‌లో (కార్డులోకి చేరేలోగా ఫైళ్లు ఆగే తాత్కాలిక మెమరీలో) ఉంటుంది. ఏ6000 పూర్తి వేగంతో రా ఫైళ్లు తీస్తే రెండు సెకన్లలోనే ఊపిరి తిప్పుకోవడానికి ఆగుతుంది, ఫైళ్లన్నీ కార్డులోకి చేరేవరకు వేగం తిరిగి రాదు. షట్టర్‌ను నొక్కిపట్టి ఉంచకుండా, సరైన ఘడియ వచ్చినప్పుడు చిన్న చిన్న విడతలుగా నొక్కడం అలవరచుకోండి.

నిశ్శబ్ద షట్టర్‌తో తీస్తే ఫ్యాను రెక్కలు వంగిపోయాయి, కొన్ని ఫొటోలలో అడ్డంగా చారలు వచ్చాయి. ఎందుకు?

రెండింటికీ కారణం ఒకటే. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో సెన్సరు మొత్తాన్ని ఒక్కసారిగా చదవరు, పై వరుస నుంచి కింది వరుస దాకా ఒకదాని తరువాత ఒకటిగా చదువుతారు. మీరు 1/1000 సెకను పెట్టినా అది ఒక్కో వరుసకు మాత్రమే. అన్ని వరుసలూ చదవడానికి చాలా చిన్న బాడీలలో సెకనులో ఇరవయ్యో ముప్పయ్యో వంతు పడుతుంది. ఈలోగా రెక్క కదిలిపోతుంది కనుక పై భాగం ఒకచోట, కింది భాగం మరోచోట నమోదై వంకర వస్తుంది. ఎల్ఈడీ, ట్యూబ్ లైట్లదీ ఇదే కథ. 50 హెర్ట్జ్ విద్యుత్తు మీద నడిచే దీపాలలో చాలావాటి వెలుగు సెకనుకు 100 సార్లు ఎక్కుతూ తగ్గుతూ ఉంటుంది, వెలుగు తగ్గిన వేళ చదివిన వరుసలు నల్లని చారలవుతాయి.

కదిలేవాటికి మెకానికల్ షట్టర్ వాడండి. నిశ్శబ్దం తప్పనిసరైతే 50 హెర్ట్జ్ ఉన్నచోట 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120 సెకను పెట్టండి. చారలు చాలావరకు పోతాయి, వంకర మాత్రం పోదు. 2017 నాటి సోనీ ఏ9లోని, వేగంగా చదవగలిగే స్టాక్డ్ సెన్సరు ఈ వంకరను బాగా తగ్గించింది, 2023లో ప్రకటించిన ఏ9 మార్క్ 3 అన్ని వరుసలనూ ఒకేసారి నమోదు చేసే గ్లోబల్ షట్టర్‌తో దాన్ని పూర్తిగా తొలగించింది. అయితే అవి ఈ చిన్న కెమెరాల తరగతికి చెందినవి కావు.

నేపథ్యం నేను కోరుకున్నంత మసకబారడం లేదు. ఏం చేయాలి?

ఏపీఎస్-సీ మీద 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు ఇచ్చే దృశ్యమూ మసకా ఫుల్‌ఫ్రేమ్ మీద 75 మి.మీ. ఎఫ్/2.7కు సమానం. మనిషికి మీరు దగ్గరగా వెళ్లి, నేపథ్యానికి మనిషిని దూరంగా నిలబెడితే సగం సమస్య ఖర్చు లేకుండా తీరుతుంది.

4కే వీడియో తీస్తుంటే వేడెక్కి ఆగిపోతోంది. ఇది మరమ్మతు చేయించదగిన లోపమేనా?

కాదు, చిన్న బాడీ స్వభావం అది. సెన్సరును పూర్తిగా చదివి, వచ్చిన బొమ్మను 4కేకు కుదించే పనిలో పుట్టే వేడి బయటికి పోవడానికి ఫ్యానూ లేదు, చాలినంత లోహపు ఉపరితలమూ లేదు. వేడికి ఆగే పరిమితిని ఎక్కువకు పెంచే సెట్టింగు మీ మెనూలో ఉందేమో చూడండి. పక్కకు తెరుచుకునే తెర అయితే దాన్ని బాడీకి దూరంగా తిప్పి ఉంచండి, విరామంలో కెమెరాను ఎండలో వదలకండి, సెకనుకు 50 లేదా 60 ఫ్రేములు అవసరం లేనప్పుడు 25 లేదా 24 చాలు. సరిగ్గా 29 నిమిషాల 59 సెకన్ల దగ్గర ఆగిపోతుంటే అది వేడి వల్ల కాదు. 30 నిమిషాలు, ఆపైన రికార్డు చేయగలిగిన పరికరాలను యూరోపియన్ యూనియన్ ఒకప్పుడు వీడియో కెమెరాలుగా లెక్కగట్టి సుంకం వేయడంతో తయారీదారులు పెట్టుకున్న హద్దు అది. గంటల తరబడి ఆపకుండా తీయవలసిన ఉపన్యాసాలకూ కచేరీలకూ ఈ కెమెరాలను నేను సిఫారసు చేయను.

## కొంతకాలం వాడాక

లెన్సు తీయగానే సెన్సరే కనబడుతోంది. దుమ్ము పడదా?

పడుతుంది. డీఎస్ఎల్ఆర్‌లో అద్దమూ మూసిన షట్టరూ అడ్డుంటాయి, ఇక్కడ చాలా బాడీలలో ఏదీ ఉండదు. 2018 నాటి కెనాన్ ఈఓఎస్ ఆర్ మాదిరిగా ఆఫ్ చేసినప్పుడు షట్టర్‌ను మూసుకునే కెమెరాలు కొన్ని ఉన్నాయి. లెన్సు మార్చేటప్పుడు కెమెరాను ఆఫ్ చేసి, కొత్త లెన్సు వెనుక మూతను ముందే వదులుచేసి పెట్టుకుని, మౌంటును నేల వైపు తిప్పి, గాలికి వీపు పెట్టి మార్చండి.

దుమ్ము పడిందో లేదో చూడాలంటే ఎఫ్/16 పెట్టి, ఫోకస్ తప్పించి, ఖాళీ ఆకాశాన్ని ఒక ఫొటో తీయండి. మచ్చలు కనబడితే ముందు కెమెరాలోని శుభ్రపరిచే సదుపాయాన్ని, తరువాత రబ్బరు గాలితిత్తిని వాడండి. నోటితో ఊదకూడదు, తుంపర పడుతుంది. డబ్బాలో నింపిన గాలినీ వాడకూడదు, దాని ద్రవం గాజు మీద మరక వదులుతుంది. అప్పటికీ పోకపోతే మీ సెన్సరు కొలతకు సరిపోయే స్వాబ్‌తో తడి శుభ్రత చేయాలి. ధైర్యం చాలకపోతే సర్వీసు కేంద్రానికి ఇవ్వడమే క్షేమం.

వానలో వాడవచ్చా?

తేమను అడ్డుకునే సీళ్లు ఉన్నాయని తయారీదారు స్పష్టంగా చెప్పిన బాడీకి, అలాంటి లెన్సే తగిలించినప్పుడు, చినుకుల దాకా ఫరవాలేదు. చవకైన చిన్న బాడీలలో అధికభాగానికి ఈ రక్షణ ఉండదు.

లెన్సుకు బూజు పట్టకుండా ఏం చేయాలి?

మూసిన తోలు సంచిలో నెలల తరబడి ఉంచకండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో, 40 నుంచి 50 శాతం తేమలో ఉంచి, అప్పుడప్పుడు బయటికి తీసి వాడుతూ ఉండండి.

వాడిన మిర్రర్‌లెస్ బాడీ కొనాలనుకుంటున్నాను. ఏమేమి పరీక్షించాలి?

షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందన్న లెక్క ఒక్కటే చూసి తృప్తిపడకండి, ఎలక్ట్రానిక్ షట్టర్‌తోనూ వీడియోతోనూ చేసిన పని అందులో కనబడకపోవచ్చు. లెన్సు మూత పెట్టి, నాయిస్ తగ్గించే సదుపాయాన్ని ఆపి, 30 సెకన్ల ఎక్స్‌పోజర్ తీసి, రంగు చుక్కలు గుంపులుగా ఉన్నాయేమో చూడండి. తెరను పైకీ కిందికీ పూర్తిగా తిప్పుతూ ఏదో ఒక కోణంలో బొమ్మ ఆరిపోతుందేమో గమనించండి, కీలు గుండా వెళ్లే సన్నని తీగ అరిగితే అలా జరుగుతుంది. యూఎస్‌బీ తీగ పెట్టి కాస్త కదిపి, ఛార్జింగ్ తెగిపోతుందేమో చూడండి. ముడుచుకునే జూమ్ లెన్సుతో కలిపి అమ్ముతుంటే స్విచ్‌ను పది సార్లు ఆన్, ఆఫ్ చేయండి. ప్రతిసారీ ఒకే వేగంతో, తడబడకుండా, గరగర శబ్దం లేకుండా లెన్సు బయటికి రావాలి. ఒక్కసారి మొరాయించినా ఆ లెన్సు ధరను లెక్కలోంచి తీసేసి బేరమాడండి.